ముప్పై రోజుల్లో ఇరుగుపొరుగు

1వ తేదీ, ఆదివారం

ఉదయం 6.10. కొత్త డైరీ. కొత్త పెన్ను. కొత్త నేను!

జరిగింది ఇదీ. మొన్న మా ఆవిడ చేతికి ఆఫీసులో ఓ కాగితం ఇచ్చారు. వాళ్ళ చెల్లెలుండే ఊరికి బదిలీ కావాలంటే ఇస్తారట. ముప్పయ్యో తేదీలోగా కావాలో వద్దో రాసివ్వాలి. నాకింకా రెండేళ్ళ సర్వీసుంది, నేను కదల్లేను. అంటే ఆవిడ అక్కడ, నేనిక్కడ.

"వెళ్తావా?" అన్నాను.

"ఉండి ఏం చెయ్యమంటారు? ఈ వీధికొచ్చి పదకొండేళ్ళయింది. పోయినేడు మీరు క్యాంపులో ఉన్నప్పుడు నాకు జ్వరమొస్తే మందుబిళ్ళ తెచ్చిపెట్టే దిక్కు లేదు. ఈ ఊళ్ళో నాతో మాట్లాడేది ఒక్క లిఫ్టే. అది కూడా 'తలుపులు మూసుకుంటున్నాయి' అంటుంది."

నిజం చెప్పాలంటే భయమేసింది. రెండేళ్ళు ఈ ఇంట్లో ఒక్కణ్ణీ!

అందుకే ఈ తీర్మానం. మలుపు దగ్గర బోర్డు మీద పేట కార్యక్రమాలన్నీ రాసి పెడతారు. ఈ నెల ఒక్కటి కూడా వదలను. మనుషుల్ని పరిచయం చేసుకుంటాను, ఇంటికి తీసుకొస్తాను. నెలాఖరుకి మా ఆవిడ ఈ వీధి వదిలి పొమ్మన్నా పోకూడదు.

రూల్సు:
1. రోజుకో కొత్త మనిషి.
2. నవ్వాలి. (అద్దంలో చూసుకున్నాను. సాధన కావాలి.)
3. ఉద్యోగం ఇంట్లో వదిలి వెళ్ళాలి.

మూడోదే కష్టం. నేను అగ్నిప్రమాద నివారణ శాఖలో తనిఖీ అధికారిని. ఇరవై తొమ్మిదేళ్ళుగా హాళ్ళూ బళ్ళూ తిరిగి తలుపులు కొలుస్తున్నాను. ఎంత వెడల్పు, బయటికి తెరుచుకుంటుందా, అడ్డంగా ఏమన్నా పడేశారా. అందరూ సినిమాకెళ్ళి తెర చూస్తారు, నేను తలుపులు చూస్తాను. మా పెళ్ళిలో హాలుకి రెండో గుమ్మం లేదని మావగారితో పేచీ పెట్టుకున్న ఘనత నాది.

9.00. పార్కులో బహిరంగ చదరంగం. ఎవరైనా ఆడొచ్చు. నా ఎదుట ఊలు టోపీ పెట్టుకున్న ఓ పెద్దాయన. తొమ్మిది ఎత్తుల్లో నా ఆట కట్టించాడు. "ఏం చేస్తుంటావ్?" అన్నాడు. "తలుపులు చూస్తుంటానండీ" అన్నాను. వడ్రంగిననుకున్నాడు. వాళ్ళ వంటింటి తలుపు కీచుమంటోందట, వచ్చి చూడమన్నాడు. సరేనన్నాను.

పరిచయాలు: ఒకటి! ఇంత సులువా? పదకొండేళ్ళు అనవసరంగా టీవీ చూశాను.

మధ్యాహ్నం మరదలు ఫోను. "బావా, మీరు జనంలోకి వెళ్తున్నారటగా? పాపం, జనం ఏం చేశారు?"

దీనికి వెటకారం ఎక్కువ.

4వ తేదీ, బుధవారం

సాయంత్రం 6.30. వీధి చివరి సంఘం హాలు. అందరూ కలిసి పాడే బృందం, ఎవరైనా చేరొచ్చట. పాట కాగితాలు పంచారు. కళ్ళజోడు మర్చిపోయాను. మా ఆవిడకి ఫోన్ చేస్తే విసుక్కుంటూ తెచ్చింది. ఇచ్చేసి వెళ్ళబోతుంటే పాటల టీచరు చెయ్యి పట్టుకుంది.

"మీరు కూడా నిలబడండమ్మా. కింది శ్రుతిలో పాడేవాళ్ళు తక్కువున్నారు."

"అబ్బే, నాకు రాదండీ. పొయ్యి మీద పాలున్నాయి."

పొయ్యి మీద పాలు లేవు. నాకు తెలుసు. ఏడున్నర దాకా పాడింది!

నా సంగతి: రెండో పాటకే టీచరు నా దగ్గరికొచ్చి, "మీరు పెదాలు కదిపితే చాలండీ" అంది. ఎంత మర్యాదస్తురాలు.

ముఖ్య గమనిక: హాలు తలుపులు లెక్కపెట్టలేదు. (రెండు. రెండోది వేదిక వెనక. దానికడ్డంగా డబ్బాలు, పెట్టెలు, ఏదో సింహాసనం. నేను చూడలేదు. అస్సలు చూడలేదు.)

8వ తేదీ, ఆదివారం

లైబ్రరీ ఆవరణలో రిపేర్ల మేళా. పాడైన సామాను పట్టుకెళ్తే పనొచ్చినవాళ్ళు ఊరికే బాగుచేసి పెడతారు. మా ఇస్త్రీపెట్టె పట్టుకెళ్ళాను.

ఒక్క మాటన్నాను. ఒక్కటంటే ఒక్కటే. రేడియో మెకానిక్ ఒకే ప్లగ్గుబోర్డుకి ఆరు వైర్లు పెట్టాడు. "ఇది ప్రమాదం కదండీ" అన్నాను. అతను "ఎందుకు?" అన్నాడు. ఎందుకో చెప్పాను. చెప్పడానికి నలభై నిమిషాలు పట్టింది. ఈలోగా భయపడి అన్నీ పీకేశారు. వెనక వరసలో పాతికమంది కుక్కర్లూ ఫ్యాన్లూ చంకలో పెట్టుకుని నిలబడ్డారు.

పరిచయాలు: ఇప్పుడు నన్ను చాలామంది గుర్తుపడతారు. ఎలా గుర్తుపెట్టుకుంటారన్నది వేరే సంగతి.

ఇస్త్రీపెట్టె రిపేరు కాలేదు.

11వ తేదీ, బుధవారం

వాన. వానంటే మరీ వాన కాదు, తుంపర. అయినా ఈ వయసులో తడవకూడదు. పాటలకి మా ఆవిడ వెళ్ళింది. "మాటిచ్చాను, బాగుండదు" అంది. ఎవరికిచ్చింది? ఎప్పుడిచ్చింది?

ఎనిమిదింటికి కూనిరాగం తీస్తూ వచ్చింది. ఇంట్లో ఒకళ్ళు వెళ్తే ఇద్దరూ వెళ్ళినట్టే.

12, 13

గురువారం: గోడలకి రంగులు వేసే కార్యక్రమం. పెయింటు వాసన పడదు.
శుక్రవారం: పుస్తక చర్చ. పుస్తకం చదవలేదు. చదవకుండా వెళ్ళడం మర్యాద కాదు.

రోజుకో కొత్త మనిషి అన్న రూలు మరీ ఆవేశంలో రాసినట్టుంది. వారానికొకళ్ళు చాలు. స్నేహాల్లో తొందర పనికిరాదు.

14వ తేదీ, శనివారం

ఉదయం 8.00. పాతపేట చరిత్ర నడక. నాలుగు కిలోమీటర్లు. ఇంట్లోంచి ఉత్సాహంగా బయల్దేరాను.

8.10. బస్టాపు పక్క బేకరీలో వేడి బన్ను వాసన.

8.15 నుంచి 10.45. బేకరీ. మూడు బన్నులు, రెండు టీలు. నడక కరపత్రం మొదటి నుంచి చివరి దాకా చదివాను. విషయమంతా అందులోనే ఉంది. ఇక నడవడం దేనికి?

11.00. ఇల్లు.

"ఎలా జరిగింది?" అంది మా ఆవిడ.

"అద్భుతం! ఆ గడియారం గోపురం గురించి గైడు ఎంత బాగా చెప్పాడనుకున్నావు!"

"అలాగా. ఆయనకి కాలు బెణికి పొద్దున్న ఏడింటికే నడక రద్దు చేశారని పాటల టీచరు ఫోన్ చేసిందే."

...

"గడ్డం మీద పంచదార తుడుచుకోండి" అంది.

15వ తేదీ, ఆదివారం

ప్రాయశ్చిత్తం. సాయంత్రం 5.00, సంఘం హాలు. పోస్టుమాన్ మా వీధి పిట్టల ఫొటోలు చూపించాడు. పన్నెండేళ్ళుగా ఉత్తరాలు పంచుతూ తీశాడట. మా బాల్కనీలో గూడు కట్టిన పిట్ట కూడా ఉంది. మా బాల్కనీలో గూడుందని నాకే తెలీదు! బయటికొచ్చేటప్పుడు సలహాల కార్డు ఇచ్చారు. 'పిట్టలు చాలా బాగున్నాయి' అని రాశాను. ఇంకో రెండు ముక్కలు కూడా రాసి, సంతకం పెట్టి పెట్టెలో వేశాను. పౌరుడిగా నా వంతు.

రాత్రి భోజనాల దగ్గర మా ఆవిడ పళ్ళెంలోకి చూస్తూ చెప్పింది. "ఇరవై ఎనిమిదిన హాల్లో పేట వాళ్ళందరి సాయంత్రం ఉందట. మా బృందం పాడుతుంది. మధ్యలో రెండు లైన్లు నేనొక్కదాన్నే."

"ఒక్కదానివే?"

"అందుకేగా భయం."

కానీ మొహం వెలిగిపోతోంది. బదిలీ కాగితం అలమారలో అడుగున పడి ఉంది, పైన దుమ్ము. గెలిచాం! నా తీర్మానం బ్రహ్మాండం!

17వ తేదీ, మంగళవారం

రాయడానికి చెయ్యి రావట్లేదు. అయినా రాస్తాను.

సాయంత్రం హాలు ముందు గుంపు. తలుపుకి తాళం, పక్కన నోటీసు. 'పై నుంచి ఆదేశం వచ్చినందున మూసివేయడమైనది. 28న కార్యక్రమం లేదు.' పాటల టీచరు కళ్ళు తుడుచుకుంటోంది.

"ఎవడో పనీపాటా లేని ఆఫీసరట" అన్నాడు రేడియో మెకానిక్.

నాకు ఒళ్ళు మండిపోయింది. మా ఆవిడ పాట! "అలాంటివాడి చేతులు విరగ్గొట్టాలి!" అన్నాను గట్టిగా. అందరూ నావైపు మెచ్చుకోలుగా చూశారు. మొట్టమొదటిసారి ఈ వీధిలో జనంతో ఒక్కటయ్యాను.

తర్వాత దగ్గరికెళ్ళి చూశాను. నోటీసు కింద ఆ ఆదేశాన్ని అతికించారు. చిన్న కార్డు. 'పిట్టలు చాలా బాగున్నాయి. వేదిక వెనక రెండో తలుపు పూర్తిగా అడ్డుపడి ఉన్నది. ఈ స్థితిలో ఇచట జనమును కూర్చోబెట్టరాదు.' కింద సంతకం, గొలుసుకట్టు గీత, ఎవరికీ అర్థం కాదు. దాని కింద స్పష్టంగా: తనిఖీ అధికారి, అగ్నిప్రమాద నివారణ శాఖ.

ఇరవై తొమ్మిదేళ్ళ అలవాటు. సంతకం పెడితే కింద హోదా రాయందే నా చెయ్యి ఆగదు. మరదలి పుట్టినరోజు కార్డు మీద కూడా 'ఆశీస్సులతో, బావ, తనిఖీ అధికారి' అని రాశాను. అది చూసి ఏడాదంతా ఏడిపించింది. హాలు చూసుకునేది ఒకావిడ, నడుముకి తాళాల గుత్తి కట్టుకుని తిరుగుతుంది, తాళాలావిడ అంటారు. ఆవిడ పాపం కార్డు చూసి సర్కారు ఆర్డరే అనుకుంది.

తేలు కుట్టిన దొంగలా ఇంటికొచ్చాను.

18వ తేదీ, బుధవారం

పాటల్లేవు. మా ఆవిడ సోఫాలో కూర్చుంది. "ఏ తలకుమాసినవాడు రాశాడో" అంది.

"అవునవును" అన్నాను.

"వాడింట్లో ఆడవాళ్ళు ఎలా భరిస్తున్నారో."

చెప్పాలి. రేపు చెప్తాను.

19వ తేదీ, గురువారం

చెప్పే పని తప్పింది.

పొద్దున్నే మా ఆవిడ హాలు దగ్గరికెళ్ళి ఆ కార్డు ఫొటో తీసుకొచ్చింది. టేబుల్ మీద నేను రాసిన కూరగాయల చీటీ పెట్టింది, పక్కన ఫోను పెట్టింది. రెంటినీ చూడమన్నట్టు నావైపు తోసింది. ఒకటే చేతిరాత. చీటీ చివర కూడా హోదా ఉంది.

తిట్టలేదు. తిడితే బాగుండేది. అలమారలోంచి బదిలీ కాగితం తీసి, దుమ్ము దులిపి, బ్యాగులో పెట్టుకుంది.

20వ తేదీ, శుక్రవారం

తీర్మానం రద్దు. సెలవు పెట్టాను. సోఫాలో పడుకున్నాను. పొద్దున్న నుంచి టీవీ. ఏం చూశానో తెలీదు.

మరదలు ఫోను. ఈసారి వెటకారం లేదు, అదే ఇంకా భయం. "బావా, అక్కకి గది సర్దిస్తున్నాను. మీకు వంటొచ్చా?"

"నీళ్ళు కాచడం వచ్చు."

"అది వంట కాదు బావా."

ఫోను పెట్టేశాక ఏడుపొచ్చింది. ఏభై ఎనిమిదేళ్ళవాణ్ణి. రాసుకుంటున్నాను, ఎవరూ చదవరు కాబట్టి.

21వ తేదీ, శనివారం

ఉదయం 10.00. హాలుకెళ్ళాను. తాళాలావిడతో చెప్పేశాను. ఆ కార్డు రాసింది నేనేనని, అది ఆర్డరు కాదని.

ఆవిడ నన్ను పైనుంచి కింది దాకా చూసింది. "చేతులు విరగ్గొట్టాలన్నది కూడా మీరేగా?"

"నేనే."

"సరే, పోనివ్వండి. ఇదిగో, ఇంకో కార్డు. 'అంతా బాగుంది' అని రాసి పడెయ్యండి. కింద హోదా మర్చిపోకండి. ఇప్పుడే నోటీసు పీకేస్తాను."

అర నిమిషం పని. పెన్ను తీశాను. అప్పుడే మా ఆవిడ పాట కాగితాలు తిరిగిచ్చేద్దామని గుమ్మంలోకి వచ్చింది. నన్నూ కార్డునీ చూసింది. తాళాలావిడ మాట విన్నట్టుంది, నేను రాస్తానని ఎదురుచూస్తోంది.

రాయలేకపోయాను. పెన్ను కింద పెట్టేశాను.

"రాయండి! ఇన్నాళ్ళకి ఒక్కటి... ఒక్కటి అడుగుతున్నాను!" అంది మా ఆవిడ.

"ఆ తలుపు నిజంగానే తెరుచుకోదు. ఇరవై ఎనిమిదిన నూటయాభై మంది కూర్చుంటారు. ఏదన్నా అయితే అందరూ ముందు గుమ్మానికే పరిగెత్తుతారు. వేదిక మీదున్నవాళ్ళు అందరికన్నా వెనక. వేదిక మీదుండేది నువ్వు." కార్డు తాళాలావిడకి తిరిగిచ్చేశాను. "నువ్వు చెల్లెలి దగ్గరికెళ్ళినా బతుకుతాను. ఎలాగో నేర్చుకుంటాను. ఆ కార్డు మాత్రం రాయలేను."

మా ఆవిడ ఆ తలుపు వైపు చూసింది. తర్వాత తాళాలావిడతో అంది: "ఆ డబ్బాలు తీసెయ్యడానికి ఎన్నాళ్ళు పడుతుంది?"

దారిలో ఇంటికి నడుస్తుంటే మళ్ళీ అంది: "పెళ్ళిలో నాన్నతో గొడవ పడింది కూడా ఇందుకేనా?"

"మరి? నువ్వు ఆ హాల్లోనే ఉన్నావుగా."

నాలుగడుగులు దగ్గరగా నడిచింది.

22 నుంచి 25 దాకా

అడ్డు తొలగింపు. తాళాలావిడ అందరికీ చెప్పేసింది, ఆఫీసరు ఎవరో. మొదటిరోజు ఒక్కరూ మాట్లాడలేదు. డబ్బాలు మాత్రం పట్టారు. రేడియో మెకానిక్ ఓ బరువైన పెట్టె నా కాలి మీద పెట్టాడు. పొరపాటేనన్నాడు.

ఆ తలుపు ముందు పదహారేళ్ళుగా పోగుపడ్డవి: అట్టతో చేసిన కోట గోడలు, ఒక సింహాసనం, విరిగిన కుర్చీలు ముప్పై ఒకటి, ఎన్నికల బ్యానర్లు, చక్రం లేని తోపుడుబండి, ఎవరిదో పెళ్ళి ఫొటో. ఫొటో తాళాలావిడది. తీసి దాచుకుంది.

మంగళవారం టోపీ పెద్దాయన ఉలి, సుత్తి పట్టుకొచ్చాడు. నన్ను చూసి, "వచ్చావా వడ్రంగీ! మా వంటింటి తలుపు ఎప్పుడు చూస్తావ్?" అన్నాడు. అందరూ గొల్లున నవ్వారు. నేనూ నవ్వాను. ఆ తర్వాత మాటలు కలిశాయి.

బుధవారం తలుపు తెరుచుకుంది! చప్పట్లు. చెయ్యి వదలగానే దానంతటదే మూసుకుని బిగుసుకుపోయింది. ముగ్గురు లాగితే వచ్చింది. చెక్క ఉబ్బింది, కొత్తది బిగించడానికి మూడు వారాలు.

పాటల టీచరు నావైపు చూసింది. "రూల్సులో ఏదో ఒకటి ఉంటుందిగా సార్?"

ఉంది. కార్యక్రమం మొదలైన దగ్గర్నుంచి అయ్యేదాకా బాధ్యతగల వ్యక్తి ఒకరు తలుపు తెరిచి పట్టుకుని నిలబడాలి. కదలకూడదు.

ఎవరన్నది ఎవరూ అడగలేదు. అందరూ నన్నే చూశారు.

28వ తేదీ, శనివారం

సాయంత్రం 5.30. వెనక సందు. చెత్తడబ్బాలు రెండు, పిల్లి ఒకటి, నేను. వీపుతో తలుపు ఆనించి పట్టుకున్నాను. లోపల నూటయాభై మంది. నాకు కనిపించేది తెర వెనకవైపు కుట్లు.

6.10. పోస్టుమాన్ గాలి కోసం బయటికొచ్చాడు. మా బాల్కనీ పిట్ట రెండు గుడ్లు పెట్టిందట.

6.25. రేడియో మెకానిక్. టీ తెచ్చాడు. ఇస్త్రీపెట్టె సోమవారం తెమ్మన్నాడు. ప్లగ్గుబోర్డులు ఇప్పుడు మూడు వాడుతున్నాట్ట.

6.40. టోపీ పెద్దాయన. "ఇప్పుడు మీ ఆవిడ పాట. లోపలికెళ్ళి చూడు, తలుపు నేను పట్టుకుంటా."

"కుదరదండీ. బాధ్యతగల వ్యక్తి..."

"నాకు డెబ్భై ఆరేళ్ళు. ఇంతకన్నా బాధ్యత ఎప్పుడొస్తుంది? నీ తలుపు నేనేం మింగెయ్యను. పో!"

ఇరవై తొమ్మిదేళ్ళలో ఎప్పుడూ ఒక తలుపుని ఇంకొకరి చేతికి అప్పగించలేదు. అప్పగించాను. తెర పక్క నుంచి తొంగిచూశాను.

మా ఆవిడ ఒక అడుగు ముందుకేసింది. మొదటి లైను పాడింది. ఈ గొంతు మా ఇంట్లోనే ఉందా ఇన్నేళ్ళూ! రెండో లైను అందుకోబోతూ పక్కకి చూసింది. నేను కనిపించాను. ఠక్కున ఆగిపోయింది. మొహం తెల్లబోయింది.

నేను లోపల కనిపించానంటే ఎక్కడో అంటుకుందనుకుందట!

ఏమీ లేదు, ఏమీ లేదని రెండు చేతులూ ఊపాను. ముందు వరసవాళ్ళు నవ్వారు. మా ఆవిడకీ నవ్వొచ్చింది. ఆ నవ్వుతోనే రెండో లైను పాడేసింది. చప్పట్లు ఎంతసేపు కొట్టారో. నేను కొడుతూనే ఉన్నాను, వెనక నుంచి పెద్దాయన "ఒరేయ్, చెయ్యి నొప్పి!" అని అరిచేదాకా.

29వ తేదీ, ఆదివారం

మా ఆవిడ టేబుల్ దగ్గర కూర్చుని బదిలీ కాగితం నింపింది. నేను పేపరు చదువుతున్నట్టు పట్టుకున్నాను. తిరగేసి పట్టుకున్నానని తర్వాత తెలిసింది.

"తప్పులేమన్నా ఉన్నాయేమో చూడండి" అని నా ముందు పెట్టింది.

బదిలీ: అవసరం లేదు.
కారణం: బుధవారాలు పాట సాధన.

రెండుసార్లు చదివాను. అక్షరాలు అలుక్కుపోయాయి.

"నా గురించి ఒక్క ముక్క రాయొచ్చుగా?" అన్నాను.

"గడి చిన్నది" అంది. కాఫీ కలపడానికి లేచింది. నాక్కూడా కలిపింది.

30వ తేదీ, సోమవారం

9.30. కాగితం ఇచ్చేసిందట. మెసేజీ పెట్టింది.

రేపట్నుంచి మళ్ళీ మొదలు! వచ్చే నెలదే అసలైన తీర్మానం. బోర్డు మీదున్న ప్రతి కార్యక్రమానికీ వెళ్తాను. లోపల కూర్చుంటాను. కుర్చీలో. అందరిలాగా ముందుకి చూస్తాను. తలుపు జోలికి పోను.

సాయంత్రం 6.20. బస్సు దిగి నడుస్తున్నాను. వెనక నుంచి ఎవరో "తలుపుగారూ! ఓ తలుపుగారూ!" అని పిలుస్తున్నారు. ఎవర్నో అనుకుని ఇంకో పదడుగులు వేశాను. ఈ వీధిలో పదకొండేళ్ళలో ఎవరూ నన్ను పిలవలేదు, అలవాటు లేదు. పిలుపు ఆగలేదు. తిరిగి చూస్తే తాళాలావిడ, రొప్పుతూ పరిగెత్తుకొస్తోంది.

"బుధవారం సాధనకి వెనక తలుపు దగ్గర మీరేగా?"

"అదీ... వచ్చే నెల నుంచి నేను లోపల కుర్చీలో కూర్చుందామని గట్టిగా..."

ఆవిడ మొహం చిన్నబోయింది. "ఓహో. అలాగైతే ఇంకెవరినన్నా..."

"ఎన్నింటికి రమ్మంటారు?" అన్నాను.